లోకల్‌సెండ్ మంచి యాపే, స్లో అని తిట్టే ముందు మీ ఇంటి నెట్‌వర్క్ ఒకసారి కొలవండి

ఒక కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ పక్కనే ఉన్న ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లాలంటే ఇప్పటికీ చాలామంది పెన్‌డ్రైవ్ వెతుక్కుంటారు, లేదంటే ఆ ఫైల్‌ని ముందు క్లౌడ్‌లోకి ఎక్కించి, అది ఎక్కేదాకా ఎదురుచూసి, మళ్లీ అదే ఇంట్లో ఇంకో మెషీన్‌లోకి దించుకుంటారు. రెండు కంప్యూటర్లూ ఒకే రూటర్‌కి కనెక్ట్ అయి ఉన్నప్పుడు ఆ ఫైల్ ఇల్లు దాటి బయటికి వెళ్లాల్సిన పనే లేదు. అలాంటివాళ్లు ఎవరు అడిగినా నేను మొదట చెప్పే పేరు లోకల్‌సెండ్. చాలాకాలంగా వాడుతున్నాను, ఇంట్లో వాళ్లందరి ఫోన్లలో, కంప్యూటర్లలో వేశాను, తీసేయాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. కానీ ఈ యాప్ గురించి జనం చేసే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అసలు యాప్‌కి సంబంధించినవే కావు, అందుకే ఈ రివ్యూలో యాప్ గురించి ఎంత చెప్తానో ఇంటి నెట్‌వర్క్ గురించి కూడా అంతే చెప్తాను.

ముందు యాప్ సంగతి. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ ఉంది. ఓపెన్ సోర్స్, ఉచితం, ప్రకటనలు లేవు, అకౌంట్ చెయ్యమని అడగదు, ఫోన్ నంబర్ అడగదు. రెండు పరికరాల్లోనూ ఓపెన్ చేస్తే ఒకదానికొకటి వాటంతటవే కనిపిస్తాయి. ప్రతి దానికీ ఒక విశేషణం, ఒక పండో కూరగాయో కలిపి యాప్ తనే ఒక పేరు పెట్టేస్తుంది, నచ్చకపోతే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, ఇంట్లో నాలుగైదు పరికరాలు ఉంటే మార్చుకోవడమే మంచిది, లేకపోతే ఏ పండు ఏ ల్యాప్‌టాప్‌దో గుర్తుండదు. ఫైల్ పంపొచ్చు, మొత్తం ఫోల్డర్ పంపొచ్చు, కాపీ చేసిన టెక్స్ట్ పంపొచ్చు. అవతలివాళ్లు యాక్సెప్ట్ నొక్కితేనే వెళ్తుంది. మధ్యలో ఏ సర్వరూ లేదు, డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోనే వెళ్తుంది. ఇంటర్నెట్ పూర్తిగా పోయినా సరే, రూటర్ ఆన్‌లో ఉంటే చాలు, పని ఆగదు. ఇది చాలామంది నమ్మరు. ఒకసారి రూటర్ నుంచి బయటి లైన్ పీకేసి పంపి చూడండి, అదే స్పీడ్‌లో వెళ్తుంది.

ఇక అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. "నా ప్లాన్ 300 ఎంబీపీఎస్, అయినా ఈ యాప్ 5 దాటట్లేదు" అని స్టార్లు తగ్గించేవాళ్లు బోలెడంతమంది. ప్లాన్ స్పీడ్ అంటే మీ ఇంటికీ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్న స్పీడ్. ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య ఫైల్ పోయేటప్పుడు ఆ అంకెకి ఏ పాత్రా ఉండదు. ప్లాన్ 40 ఎంబీపీఎస్ అయినా ఇంట్లో గిగాబిట్, అంటే సెకనుకి 1000 మెగాబిట్లు, నడవొచ్చు, ప్లాన్ గిగాబిట్ అయినా ఇంట్లో ఫైలు నత్తనడక నడవొచ్చు. పైగా ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, కాపీ అయ్యేటప్పుడు స్క్రీన్ మీద కనిపించేది మెగాబైట్లు, 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 100 మెగాబిట్ లింక్ అంటే ఎంత బాగా నడిచినా సెకనుకి 12.5 మెగాబైట్లు మించదు, గిగాబిట్ అంటే 125 మించదు. ఈ ఒక్క భాగహారం గుర్తుంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అయితే గిగాబిట్ కేబుల్ మీద 125 కూడా ఎప్పుడూ కనపడదు, దానికి కారణం తెలుసుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. డేటా కేబుల్ మీద ఒకే ప్రవాహంగా పోదు, ముక్కలుగా పోతుంది. మామూలు సెట్టింగ్‌లో ఒక్కో ముక్కలో 1500 బైట్లు పడతాయి. అందులో 40 బైట్లు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నో ముక్క అని చెప్పే హెడర్లకే పోతాయి, మిగిలిన 1460 మాత్రమే మీ ఫైల్. మళ్లీ ఆ 1500 కి బయట ఈథర్‌నెట్ (కేబుల్ నెట్‌వర్క్ పద్ధతి) హెడర్, చివర తప్పుల్ని పట్టుకునే చెక్, ముందు వచ్చే గుర్తు, రెండు ముక్కల మధ్య వదలాల్సిన ఖాళీ, అన్నీ కలిపితే తీగ మీద 1538 బైట్ల చోటు పడుతుంది. 1460 ని 1538 తో భాగిస్తే దాదాపు 95 శాతం. అంటే గిగాబిట్‌లో మీకు నిజంగా దక్కేది 949 మెగాబిట్లు, ముక్కకి ఇంకో 12 బైట్ల టైమ్‌స్టాంప్ కూడా కలిపే సిస్టమ్స్‌లో అయితే 941. బైట్లలోకి మార్చుకుంటే సుమారు 118 మెగాబైట్లు. విండోస్ మెగాబైట్ అంటే 1024 కిలోబైట్లు అనే లెక్కలో చూపిస్తుంది కాబట్టి దాని కాపీ బాక్స్‌లో 112, 113 అని కనపడుతుంది. మీకు 113 వస్తోందంటే మీ కేబుల్, స్విచ్ (చాలా కేబుళ్లని ఒకచోట కలిపే డబ్బా), రూటర్ అన్నీ నూటికి నూరు పాళ్లు పని చేస్తున్నట్టే, ఇంకేం వెతకక్కర్లేదు.

దీనికి సరిగ్గా పదో వంతు, అంటే 11.3 దగ్గర అంకె కదలకుండా నిలబడిపోతే మాత్రం వెంటనే అనుమానించాలి. స్పీడ్ పైకీ కిందకీ ఊగుతుంటే కారణాలు సవాలక్ష ఉండొచ్చు, కానీ 11.3 దగ్గర గీత గీసినట్టు ఆగిపోయిందంటే ఎక్కడో ఒక లింక్ 100 మెగాబిట్‌కి దిగిపోయిందన్నమాట. నా అనుభవంలో ఇది ఎక్కువగా కేబుల్ వల్లే. ఈథర్‌నెట్ కేబుల్‌లో 8 సన్న తీగలు, నాలుగు జతలుగా మెలితిప్పి ఉంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్‌కి మాత్రం రెండు జతలు చాలు, కనెక్టర్‌లో 1, 2, 3, 6 పిన్నులు. మిగిలిన నాలుగింటిలో ఒక్క తీగ తలుపు సందులో నలిగి తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా చాలా పరికరాలు ఏ ఎర్రరూ చూపించకుండా 100కి దిగిపోయి పని కానిచ్చేస్తాయి. బ్రౌజింగ్ బాగానే ఉంటుంది, వీడియోలు బాగానే ఆడతాయి, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. 40 జీబీ వీడియో పంపినప్పుడే తెలుస్తుంది: గిగాబిట్‌లో ఆరు నిమిషాల్లోపు అయిపోయేది దీంట్లో దాదాపు గంట పడుతుంది. కేబుల్‌ని వెలుతురులో పట్టుకుని ఆ పారదర్శకంగా ఉండే కనెక్టర్‌లోంచి చూస్తే ఎనిమిది రంగుల కొనలూ చివరి గోడకి ఆనుకుని ఉండాలి. ఒకటి వెనక్కి జరిగి కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇంత వెతకడం ఎందుకు అనుకుంటే విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ అని ఉంటుంది, అక్కడ 1000 బదులు 100 అని ఉంటే కేబుల్ మార్చి చూడండి. కేబుల్ మారినా 100 అనే ఉంటే రూటర్ పోర్టే 100 ది అయ్యుండొచ్చు, కొన్ని రూటర్లలో ఒక పోర్ట్ గిగాబిట్, మిగతావి 100 ఉంటాయి, కొనేటప్పుడు ఆ విషయం ఎవరూ చూడరు.

వైఫై సంగతి ఇంకా చిక్కు, లోకల్‌సెండ్ వాడేవాళ్లలో ఎక్కువమంది వాడేది వైఫైనే కాబట్టి ఇది బాగా అర్థం చేసుకోవాలి. కేబుల్ మీద పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయి. వైఫైలో అలా కుదరదు, ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. అందుకే ల్యాప్‌టాప్‌లో 866 మెగాబిట్లు అని లింక్ స్పీడ్ కనపడ్డా నిజంగా వచ్చేది అందులో సగం, మరీ దగ్గరగా కూర్చుంటే ఇంకాస్త ఎక్కువ. ఇప్పుడు పంపే ల్యాప్‌టాప్, అందుకునే ల్యాప్‌టాప్ రెండూ ఒకే బ్యాండ్‌లో (2.4 లేదా 5 గిగాహెర్ట్జ్) వైఫై మీద ఉన్నాయనుకోండి. ఫైల్ ముందు మొదటి ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కి గాల్లో వెళ్లాలి, మళ్లీ రూటర్ నుంచి రెండో ల్యాప్‌టాప్‌కి అదే గాల్లో అదే ఛానెల్ మీద రావాలి. ప్రతి బైటూ రెండుసార్లు ప్రయాణం చేస్తోంది, కాబట్టి మిగిలిన స్పీడ్‌లో మళ్లీ సగం. రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే ఒకే టేబుల్ మీద ఉన్నా ఇదే దారి. ఇందులో యాప్ తప్పేమీ లేదు, రూటర్ మీదుగా పంపే ఏ యాప్ పెట్టినా ఇంతే.

దీనికి నేను అందరికీ చెప్పే పరిష్కారం ఒక్కటే, రెండిట్లో ఒకదాన్ని కేబుల్‌తో రూటర్‌కి తగిలించండి. రెండూ అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఫైల్ గాల్లో ఒక్కసారే వెళ్తుంది, స్పీడ్ దాదాపు రెట్టింపు అవుతుంది. కొత్త రూటర్ కొనడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఇది. రెండోది, పరికరాలు 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నాయో లేదో చూసుకోవడం. 2.4 గిగాహెర్ట్జ్‌లో మామూలు 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద, ఒకే యాంటెన్నా ఉన్న పాత ఎన్ రకం (802.11ఎన్ తరం) వైఫై అడాప్టర్‌కి దక్కే గరిష్ఠ లింక్ 72 మెగాబిట్లు, అందులో సగం, అందులో మళ్లీ సగం తీస్తే సెకనుకి రెండు మూడు మెగాబైట్లు మిగులుతాయి. "5 దాటట్లేదు" అని తిట్టేవాళ్ల కథ చాలావరకు ఇదే. లోకల్‌సెండ్ వాళ్లు కూడా స్పీడ్ తక్కువైతే ముందు 5 గిగాహెర్ట్జ్‌కి మారమనే చెప్తారు. వైఫైని దూరానికి అందించే రిపీటర్లు, కేబుల్ లేకుండా పెట్టుకున్న మెష్ డబ్బాలు ఉంటే గాల్లో ఇంకో ప్రయాణం కలుస్తుందని కూడా గుర్తుంచుకోండి, సిగ్నల్ గీతలు నిండుగా కనపడినంత మాత్రాన స్పీడ్ నిండుగా ఉన్నట్టు కాదు.

నెట్‌వర్క్ బాగున్నా చివర్లో డిస్క్ ఆపేసే సందర్భాలు ఉంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్ట్‌కి పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి పంపుతుంటే 480 మెగాబిట్లు అని పేరే గానీ నిజంగా 35, 40 మెగాబైట్లు దాటదు, గిగాబిట్‌లో మూడో వంతు. పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ అయితే పెద్ద ఫైల్ ఒకటి రాసేటప్పుడు సెకనుకి 100 మెగాబైట్లు చేయగలదేమో, అదే చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఒక్కసారిగా పడిపోతుంది, ఎందుకంటే ప్రతి ఫైల్‌కీ తెరవడం, పేరు రాయడం, మూయడం, మధ్యలో యాంటీవైరస్ తనిఖీ, ఇవన్నీ జరగాలి. ఫొటోల ఫోల్డర్ పంపితే స్లో, సినిమా పంపితే ఫాస్ట్ అని ఆశ్చర్యపోనక్కర్లేదు. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే జిప్ చేసి ఒక్క ఫైల్‌గా పంపండి, కుదించాల్సిన పని కూడా లేదు, ఊరికే ఒకటిగా కట్టినా చాలు. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ కన్నా పెద్ద ఫైల్ అందులో అసలు పట్టదు, అది కూడా ఒకోసారి యాప్ లోపంలా కనిపిస్తుంది.

ఇన్ని అనుమానాలు ఉన్నప్పుడు అసలు లోపం ఎక్కడుందో తేల్చడానికి నేను వాడేది ఐపెర్ఫ్3. ఇది కూడా ఉచితమే, దీనికి నా దగ్గర పూర్తి మార్కులు. దీని గొప్పతనం ఏంటంటే ఇది డిస్క్‌ని ముట్టుకోదు, ఒక కంప్యూటర్ మెమరీ నుంచి ఇంకో కంప్యూటర్ మెమరీకి ఊరికే డేటా తోసి నెట్‌వర్క్ ఎంత మోస్తుందో చెప్తుంది. ఒకదాంట్లో కమాండ్ విండో తెరిచి ఐపెర్ఫ్3 పక్కన మైనస్ ఎస్ అని కొడితే అది వింటూ కూర్చుంటుంది, రెండోదాంట్లో మైనస్ సి అని కొట్టి మొదటిదాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబర్) ఇస్తే పది సెకన్లలో ఫలితం వచ్చేస్తుంది. చివర పెద్ద ఆర్ చేర్చి, అంటే మైనస్ ఆర్ అని, ఇంకోసారి కొడితే ఎదురు దిశలో కొలుస్తుంది, ఆ రెండో పరీక్ష మానొద్దు, వైఫైలో ఒక దిశ బాగుండి ఇంకో దిశ ఘోరంగా ఉండడం మామూలే. ఐపెర్ఫ్‌లో 940 మెగాబిట్లు వస్తూ ఫైల్ కాపీ మాత్రం 40 మెగాబైట్లకే పరిమితమైతే తప్పు డిస్క్‌దో యాప్‌దో. ఐపెర్ఫ్‌లోనే 90 మెగాబిట్లు వస్తుంటే యాప్ మార్చి లాభం లేదు, కేబుల్, పోర్ట్, వైఫై చూసుకోవాలి. కమాండ్లు కొట్టడం ఇష్టం లేనివాళ్లు కనీసం ఒక పెద్ద ఫైల్‌తో, అది కూడా ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్) నుంచి ఎస్ఎస్‌డీకి, కొలవండి. ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ సైట్లు దీనికి పనికిరావు, అవి కొలిచేది బయటి లైన్.

ఇప్పుడు మళ్లీ లోకల్‌సెండ్ దగ్గరికి. దారి శుభ్రంగా ఉన్నప్పుడు ఈ యాప్ పని తీరు నాకు తృప్తిగానే ఉంది, వైఫై ఇచ్చే స్పీడ్‌ని చాలావరకు వాడుకుంటుంది. కేబుల్ మీద రెండు మంచి కంప్యూటర్ల మధ్య మాత్రం విండోస్ సొంత షేరింగ్ అంత చురుగ్గా ఉంటుందని చెప్పలేను, ప్రాసెసర్ చిన్నదైతే ఎన్‌క్రిప్షన్ భారం కూడా తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపేసే వీలుంది, రెండు వైపులా ఆపాలి, స్పీడ్ కోసం వాళ్లే ఆ సలహా ఇస్తారు కూడా. సొంత ఇంట్లో, ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో తెలిసిన నెట్‌వర్క్‌లో అది పర్వాలేదు, హాస్టల్, ఆఫీస్, కేఫ్ లాంటి చోట్ల మాత్రం దయచేసి ఆన్‌లోనే ఉంచండి. ఐఫోన్‌లో యాప్ తెర మీద తెరిచి ఉంటేనే పని జరుగుతుంది, ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకుంటే మధ్యలో ఆగిపోతుంది. ఆగితే మళ్లీ మొదటి నుంచే. నాకు దీంట్లో నిజంగా నచ్చని విషయం ఇదొక్కటే, 30 జీబీ ఫైల్ 28 దగ్గర తెగితే ఆ 28 గంగపాలే. అందుకే మరీ పెద్దవి నేను దీంతో పంపను.

పరికరాలు ఒకదానికొకటి కనపడకపోవడం ఇంకో పెద్ద ఫిర్యాదు. ఒకటి గెస్ట్ వైఫైలో ఉండి ఇంకోటి మెయిన్‌లో ఉంటే కనపడవు, గెస్ట్ నెట్‌వర్క్ పని చేసేదే అలా. రూటర్ సెట్టింగ్స్‌లో ఏపీ ఐసోలేషన్ అని ఒకటి ఉంటుంది, అది ఆన్ అయి ఉంటే ఒకే వైఫైలో ఉన్నవి కూడా ఒకదానితో ఒకటి మాట్లాడలేవు. విండోస్‌లో మీ ఇంటి నెట్‌వర్క్ పబ్లిక్ అని పడి ఉంటే ప్రైవేట్‌గా మార్చండి. ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని ఆపే కాపలా) గట్టిగా ఉన్న కంప్యూటర్‌లో 53317 పోర్ట్‌కి (ఇది కేబుల్ పెట్టే పోర్ట్ కాదు, యాప్ వాడే దారి నంబర్) టీసీపీ, యూడీపీ అనే రెండు రకాల డేటానీ వదలాలి. వీపీఎన్ నడుస్తుంటే ఆపి చూడండి. అయినా కనపడకపోతే ఐపీ అడ్రస్ నేరుగా టైప్ చేసి పంపే ఆప్షన్ ఉంది, నాకైతే అది చాలాసార్లు అక్కరకొచ్చింది. అవతలి పరికరంలో యాప్ వెయ్యడం కుదరకపోతే లింక్ ఇచ్చి బ్రౌజర్‌లోనే దించుకోనివ్వొచ్చు, ఇది చాలామందికి తెలియదు, అతిథులు వచ్చినప్పుడు భలే పనికొస్తుంది.

రోజూ ఒకే ఫోల్డర్‌లోని ఫైళ్లు రెండు కంప్యూటర్లలో వాడేవాళ్లకి మాత్రం లోకల్‌సెండ్ కాదు, విండోస్ షేర్డ్ ఫోల్డరే సరైనది. పంపడం, యాక్సెప్ట్ చెయ్యడం ఏమీ ఉండదు, అవతలి ఫోల్డర్ మీ దాంట్లోనే ఇంకో డ్రైవ్‌లా కనపడుతుంది, వీడియోని కాపీ చెయ్యకుండా అక్కడి నుంచే ప్లే చెయ్యొచ్చు. దీని వెనకున్న ఎస్ఎంబీ పద్ధతిని మ్యాక్ 2013 నుంచి, అంటే మావెరిక్స్ వెర్షన్ నుంచి, ఫైల్ షేరింగ్‌కి తన మొదటి పద్ధతిగా వాడుతోంది, లినక్స్‌లో ఇదే పని చేసే సాంబా ఉంది, కాబట్టి మూడూ కలిసిపోతాయి. కష్టమల్లా మొదటిసారి సెట్ చెయ్యడంలోనే. విండోస్‌లోకి రోజూ నాలుగంకెల పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లు ఇక్కడ కూడా అదే పిన్ కొట్టి, తప్పు అంటోందని తల పట్టుకుంటారు. పిన్ ఆ ఒక్క మెషీన్‌కే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద అడిగేది అకౌంట్ అసలు పాస్‌వర్డ్. షేరింగ్ కోసం విడిగా ఒక లోకల్ యూజర్‌ని చేసి దానికి పాస్‌వర్డ్ పెట్టడం నాకు తెలిసిన సులువైన మార్గం. పాస్‌వర్డే లేని గెస్ట్ షేర్లు మాత్రం పెట్టుకోకండి, విండోస్ 11 లో 24హెచ్2 అప్‌డేట్ నుంచి ప్రో ఎడిషన్ కూడా వాటిని ముందే ఆపేసి ఉంచుతోంది, పాత నెట్‌వర్క్ డిస్క్‌లు ఒక్కసారిగా తెరుచుకోకపోవడానికి అదొక కారణం. ఎక్కడైనా "ఎస్ఎంబీ1 ఆన్ చెయ్యండి, పని చేస్తుంది" అనే సలహా కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి. 2017లో వాన్నాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత వెర్షన్‌లోని లోపం పట్టుకునే, అదే ఏడాది నుంచి మైక్రోసాఫ్ట్ విండోస్ 10 లోంచి దాన్ని తీసేయడం మొదలుపెట్టింది.

ఇంకో మాట, షేర్డ్ ఫోల్డర్‌లోకి వందల జీబీ కాపీ చేసేటప్పుడు మౌస్‌తో లాగి వదిలేయడం కన్నా విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ మేలు. ఒకేసారి చాలా ఫైళ్లు కాపీ చెయ్యమని చెప్పొచ్చు, మధ్యలో తెగి మళ్లీ మొదలుపెడితే అప్పటికే చేరినవాటిని వదిలేసి మిగతావి అందుకుంటుంది. లినక్స్, మ్యాక్ వాళ్లకి ఇదే పనికి ఆర్‌సింక్ ఉండనే ఉంది. లోకల్‌సెండ్‌లో లేదని నేను బాధపడిన సౌకర్యం వీటిలో ఉంది. ఇక రెండు కంప్యూటర్లలో ఒకే ఫోల్డర్ ఎప్పుడూ ఒకేలా ఉండాలి, ఇక్కడ మార్చింది అక్కడ దానంతటదే మారాలి అనుకుంటే సింక్‌థింగ్ అనే యాప్ వెయ్యండి. ఫైల్‌ని బ్లాకులుగా చూసి మారిన బ్లాకులే పంపుతుంది, అందుకే పెద్ద ఫైల్‌లో చిన్న మార్పు చేస్తే మొత్తం మళ్లీ వెళ్లదు. దాన్ని బ్యాకప్ అనుకోవద్దు, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, పాత వెర్షన్లు ఉంచమని సెట్టింగ్‌లో చెప్పుకోవాలి.

ఏమైనా కొనాలా అని అడిగితే ముందు మంచి కేబుల్ కొనండి. క్యాట్5ఈ అనే రకం అయినా 100 మీటర్ల దాకా గిగాబిట్‌ని సుబ్బరంగా మోస్తుంది, ఇంటికి క్యాట్6 తీసుకుంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు. కానీ ప్యాకెట్ మీద సీసీఏ అని ఉంటే వద్దు, అది రాగి పూత పూసిన అల్యూమినియం, నాలుగు వంపులు తిరిగేసరికి విరుగుతుంది. రూటర్ పోర్టులు 100వే అయితే మొత్తం రూటర్ మార్చక్కర్లేదు, ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి పెట్టి కంప్యూటర్లని దానికి తగిలించి, దాన్నుంచి ఒక కేబుల్ రూటర్‌కి ఇవ్వండి. కంప్యూటర్ల మధ్య ఫైళ్లు స్విచ్‌లోనే తిరిగిపోతాయి, రూటర్ దాకా వెళ్లవు. సెట్టింగులు ఏమీ లేవు, తగిలించడమే. 2.5 గిగాబిట్ స్విచ్‌లు కూడా ఇప్పుడు మామూలుగా దొరుకుతున్నాయి, ఆ ప్రమాణం 2016లోనే వచ్చింది, ఉన్న క్యాట్5ఈ కేబుల్ మీదే నడుస్తుంది, ఇందాక చెప్పిన 40 జీబీ రెండుంపావు నిమిషాల్లో చేరిపోతుంది. కాకపోతే రెండు వైపులా ఎస్ఎస్‌డీలు, రెండు వైపులా 2.5 పోర్టులు ఉంటేనే ఆ లాభం. ఒక వైపు హార్డ్‌డిస్క్ ఉంటే, అది మంచిదైనా, పెట్టిన డబ్బుకి తగ్గ తేడా కనపడదు.

లోకల్‌సెండ్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. తెగిన చోట నుంచి మళ్లీ అందుకునే సౌకర్యం ఇచ్చిన రోజున ఆ మిగిలిన ఒకటీ ఇచ్చేస్తాను. వేసుకునేవాళ్లకి చివరగా ఒక జాగ్రత్త: సెట్టింగ్స్‌లో క్విక్ సేవ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఎవరు పంపినా అడగకుండానే తీసేసుకుంటుంది. ఇంట్లో మీ రెండు కంప్యూటర్ల మధ్య అయితే హాయిగా ఉంటుంది, కానీ ల్యాప్‌టాప్‌ని బయటికి తీసుకెళ్లేవాళ్లు దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి, తెలిసిన పరికరాలను ఫేవరెట్స్‌లో పెట్టుకుంటే వాటి నుంచి వచ్చేవి మాత్రమే అలా తీసుకోమని చెప్పే ఆప్షన్ కూడా ఉంది, నేను వాడేది అదే.